జాకీ – జాగ్రత్త

పాఠ్యభాగ సందర్భం

యంత్రం మనిషి చేతికి బలాన్నిస్తుంది. ఆ బలాన్ని అదుపులో ఉంచే బాధ్యత మాత్రం మనిషి మీదనే ఉంటుంది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పొలం దారుల్లోనూ, కొండదారుల్లోనూ తిరిగే జీపుల వంటి వాహనాలకు హైలిఫ్ట్ జాకీ ఎంతో ఉపయోగపడుతుంది. దానిని ఎలా ఎంచుకోవాలో, ప్రాణహాని లేకుండా ఎలా వాడాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశ్యం. ఒక పనిముట్టు నిర్మాణాన్నీ, పనితీరునూ క్రమపద్ధతిలో వివరించే వ్యాసరచనా విధానాన్ని కూడా విద్యార్థులు దీని ద్వారా గ్రహించవచ్చు.

పాఠ్యభాగం

ఒక సన్నివేశాన్ని ఊహించుకొందాం. స్వాతి కార్తె, శనగ విత్తే రోజులు. రెండు దినాలుగా కురిసిన వాన ఆ సాయంత్రమే వెలిసింది. పెద్దముడియం ప్రాంతపు నల్లరేగడి పొలాల నడుమ ఒక జీపు నెమ్మదిగా వస్తున్నది. తీవ్రమైన జ్వరంతో ఉన్న ఒక పెద్దాయనను జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. తారురోడ్డు ఇంకా మైలు దూరంలో ఉన్నది. అంతలో వెనుక చక్రం ఇరుసు దాకా దిగబడింది. డ్రైవరు ఇంజను వేగం పెంచినకొద్దీ చక్రం మరింత లోతుకు దిగిందే తప్ప బండి అంగుళమైనా కదలలేదు. పెద్దాయనను దించి గట్టు మీద కూర్చోబెట్టారు. జీపులో ఉన్న ఎత్తైన జాకీని ఒక యువకుడు తెచ్చి, బురదలోనే నిలబెట్టి, పిడిని గబగబా నాలుగుసార్లు ఊపాడు. బండి కాస్త లేచింది. చక్రం కింద రాళ్లు పెట్టడానికి అతడు వంగి తల లోపలికి పెట్టబోయాడు.

“ఒరేయ్, వద్దురా! తలకాయ లోపల పెట్టొద్దు, ఇవతలికి రా!” అని గట్టు మీద నుంచి పెద్దాయన కేకవేశాడు. యువకుడు వెనక్కి జరిగాడు. మరుక్షణమే జాకీ పక్కకు ఒరిగింది. జీపు దభీమని కూలబడింది. ఒక్క అర నిమిషం ఆలస్యమై ఉంటే ఆ జీపులో ఇద్దరిని ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చేది.

ఆ జాకీలో లోపం లేదు. ఆ యువకుడిలో ధైర్యానికీ, మంచితనానికీ కొదువ లేదు. కొరవడినది పనిముట్టును గురించిన పరిజ్ఞానం ఒక్కటే. ఆ పరిజ్ఞానాన్ని సంపాదించడమే ఈ పాఠంలో మనం చేయబోయే పని.

నేల తీరు

ఏ బరువునైనా పైకి ఎత్తాలంటే కింద ఆధారం గట్టిగా ఉండాలి. కాబట్టి జాకీ కంటే ముందు నేలను గురించి తెలుసుకోవడం అవసరం. మన ప్రాంతంలో నాలుగు రకాల నేలలు వాహనాలను ఇబ్బంది పెడతాయి.

మొదటిది నల్లరేగడి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పరిసరాల్లో ఇది విస్తారంగా ఉన్నది. ఈ మట్టిలోని బంకమన్ను నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో రాయిలా ఉండే దారి వానాకాలంలో జిగురు ముద్దగా మారడానికి కారణం ఇదే. రెండవది పెన్న, చిత్రావతి, పాపఘ్ని వంటి నదుల ఇసుక. ఇసుక బరువును కొంతవరకు మోస్తుంది గాని పక్కలకు జారిపోతుంది. మూడవది గండికోట చుట్టూ ఉన్న ఎర్రమల కొండల రాతినేల. ఇది గట్టిదే అయినా ఏటవాలుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. నాలుగవది పులివెందుల వైపు చీనీ తోటల్లో, అరటి తోటల్లో నీరు పారించిన మెత్తటి మట్టి. పైకి ఆరినట్లు కనిపించినా దీని అడుగున తడి ఉంటుంది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ జాకీని నేరుగా నిలబెట్టదగిన నేల కాదు. ఈ సత్యాన్ని గుర్తుంచుకొంటే సగం ప్రమాదాలు తప్పుతాయి.

జాకీ పుట్టుక – నిర్మాణం

పూర్వం ఎడ్లబండి దిగబడితే నలుగురు మనుషులు చేరి, దుంగను గాని, గడ్డపారను గాని చక్రం కింద దూర్చి, ఒక రాయిని ఆధారంగా చేసుకొని పైకి లేపేవారు. భౌతికశాస్త్రంలో మీరు చదివిన తులాదండ సూత్రం ఇదే. మోటారు బండ్లు వచ్చిన తరువాత దుంగ స్థానంలోకి జాకీ వచ్చింది. కార్లతో పాటు ఇచ్చే స్క్రూ జాకీ, లారీల్లో ఉండే నూనె జాకీ మనకు చిరపరిచితాలు. ఇవి బండిని కొద్ది ఎత్తుకు మాత్రమే లేపగలవు. పైగా వీటిని అమర్చాలంటే బండి కిందికి చేయి పోవాలి. ఇరుసు దాకా బురదలో కూరుకుపోయిన బండి కిందికి చేయి పోయే వీలే ఉండదు. అటువంటి సందర్భంలో బండి పక్కన నిలబెట్టి, బయటి నుంచే పట్టు దొరికించుకొని ఎత్తగలది హైలిఫ్ట్ జాకీ.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బ్లూమ్‌ఫీల్డ్ అనే ఊరు ఉన్నది. అక్కడి సంస్థ ఒకటి 1905 నుంచి ఈ జాకీని తయారు చేస్తున్నది. ‘హైలిఫ్ట్’ అన్నది ఆ సంస్థ తన సరుకుకు పెట్టుకొన్న పేరు. కాలక్రమంలో అదే పద్ధతిలో పనిచేసే జాకీలన్నింటికీ ఆ పేరు వాడుకలోకి వచ్చింది. వ్యవసాయ క్షేత్రాల్లో కంచె గుంజలను పెరకడానికీ, బండ్లను ఎత్తడానికీ రైతులు దీనిని వాడుకొన్నారు. మన దేశంలో 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను బిగించి అమ్మడం ప్రారంభించింది. అప్పటి నుంచి పల్లెదారుల్లో, అడవి దారుల్లో, గనుల దారుల్లో జీపు తిరగని చోటు లేదు. అటువంటి దారులకు తగిన తోడు ఈ జాకీ.

దీని నిర్మాణం చాలా సులభమైనది. ఇందులో ముఖ్యమైన భాగాలు ఆరు. వరుసగా రంధ్రాలున్న పొడవైన ఉక్కు కమ్మి మొదటిది. కమ్మి అడుగున నేలను ఆనుకొని ఉండే పాదపలక రెండవది. కమ్మిని పట్టుకొని పైకి పాకే కదురుపెట్టె మూడవది. దీనికే బరువును మోసే ముక్కు ఉంటుంది. మనం ఊపే పొడవాటి పిడి నాలుగవది. కదురుపెట్టెలో ఉండి రంధ్రాల్లోకి దూరే రెండు పిన్నులు అయిదవది. పైకా, కిందికా అన్నది నిర్ణయించే చిన్న మీట ఆరవది.

ఈ రెండు పిన్నుల పనితీరులోనే యంత్రరహస్యమంతా ఉన్నది. చెట్టెక్కే మనిషి ఒక చేత్తో కొమ్మను పట్టుకొని, రెండో చేతిని పై కొమ్మకు చాస్తాడు. అది దొరికిన తరువాతనే మొదటి చేతిని వదులుతాడు. పిన్నులు కూడా ఇదే విధంగా పనిచేస్తాయి. ఒక పిన్ను బరువును మోస్తుండగా రెండోది పై రంధ్రాన్ని అందుకొంటుంది. అది రంధ్రంలో కూర్చున్నప్పుడు ‘టక్’ మని చప్పుడవుతుంది. ఆ చప్పుడు విననంతవరకు బరువును మోస్తున్నది మన చేయి మాత్రమే అని గ్రహించాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. బండి వెనుక మూల మీద 600 కిలోల బరువు ఉన్నదనీ, పిడి చివర మన చేయి 60 సెంటీమీటర్లు కిందికి కదిలితే బరువు 2 సెంటీమీటర్లు లేస్తుందనీ అనుకొందాం. దూరం ముప్పై రెట్లు ఎక్కువ కనుక బలం ముప్పైవ వంతు సరిపోతుంది. అంటే 20 కిలోలను ఎత్తే బలంతో, ఘర్షణ కోసం ఇంకొంత చేర్చి, 600 కిలోలను లేపగలుగుతున్నాం. ఇది యంత్రం చేసే మేలు. దీని మరోవైపు కూడా చూడాలి. పిన్ను కూర్చోకముందే మన చేయి జారితే, ఆ 600 కిలోల బరువు అదే పిడిని వెనక్కి తోస్తుంది. అప్పుడు పిడి చివర కదిలే వేగం బరువు దిగే వేగానికి ముప్పై రెట్లు ఉంటుంది. దవడ ఎముకలు విరగడానికి ఆ దెబ్బ చాలు. ఈ జాకీని కొన్ని దేశాల్లో వాడుకరులు ‘వితంతువులను చేసేది’ అనే భయంకరమైన మారుపేరుతో పిలవడానికి కారణం ఇదే.

ఎంపిక

జాకీని కొనేటప్పుడు ధరను మాత్రమే చూడడం తగదు. ఈ కింది అంశాలను పరిశీలించాలి.

మొదటిది, వాహనం స్వభావం. ఈ జాకీ ముక్కు ఆనడానికి బండికి గట్టి ఉక్కు భాగం ఉండాలి. నిచ్చెన వంటి ఛాసిస్ మీద కట్టిన జీపులు, బొలెరో, థార్ వంటి బండ్లకు ఉక్కు బంపరు గాని, ఛాసిస్‌కు బిగించిన పక్కకమ్ములు గాని ఉంటే ఇది ఉపయోగపడుతుంది. ప్లాస్టిక్ బంపర్లతో, పలుచని రేకు అంచులతో వచ్చే కార్లకు ఇది పనికిరాదు. బంపరు ఊడిపోయి బండి కూలబడుతుంది. అటువంటి కార్లకు తయారీదారు ఇచ్చిన జాకీని, వారు సూచించిన చోటనే వాడాలి. ఇంటిలో ఉన్న బండికి ఈ జాకీ సరిపోదని తేలితే కొనకపోవడమే సరైన ఎంపిక.

రెండవది, మోయగల బరువు. పేరున్న రకం జాకీల మీద 4,660 పౌండ్లు, అంటే సుమారు 2,100 కిలోలు అని హద్దు రాసి ఉంటుంది. బండి మొత్తాన్ని ఒకేసారి ఎత్తం. ఒక మూలనో, ఒక వైపునో మాత్రమే ఎత్తుతాం. అయినప్పటికీ సామాను, మనుషులు, బురద పట్టు అన్నీ కలిసి బరువు పెరుగుతుంది కనుక హద్దుకు చాలా లోపల ఉండేటట్లు చూసుకోవాలి. బరువు హద్దు ఎక్కడా ముద్రించని జాకీని కొనరాదు.

మూడవది, ఎత్తు. 36, 48, 60 అంగుళాల కొలతల్లో ఇవి దొరుకుతాయి. ఎత్తు ఎక్కువైతే మంచిదని అనుకోవడం పొరపాటు. కమ్మి పొడవు పెరిగినకొద్దీ మోయడం, బండిలో అమర్చడం కష్టమవుతాయి. సాధారణ జీపుకు 48 అంగుళాలది చాలు. పెద్ద చక్రాలు వేసి, బండి ఎత్తు పెంచుకొన్నవారికే 60 అంగుళాలది అవసరమవుతుంది.

నాలుగవది, లోహం నాణ్యత. కమ్మి వంకర లేకుండా ఉండాలి. రంధ్రాల అంచులు సాఫీగా ఉండాలి. పోత భాగాల్లో బీటలు, బుడగలు ఉండరాదు. పిన్నులు రెండూ స్ప్రింగు బలంతో చురుకుగా లోపలికీ, బయటికీ కదలాలి. అంగడిలోనే మీటను పైకి, కిందికి మార్చి, బరువు లేకుండా ఊపి చూడాలి. పిన్నులు, స్ప్రింగులు విడిగా దొరికే రకాన్ని ఎంచుకొంటే మరమ్మతుకు ఇబ్బంది ఉండదు.

అయిదవది, జాకీతో పాటు ఉండవలసిన సామగ్రి. మందపాటి చెక్క పలక, చక్రాలకు అడ్డం పెట్టే రెండు ముక్కాలి దిమ్మెలు, పార, తోలు చేతితొడుగులు, బండిని నిలబెట్టే ఉక్కు పీటలు – ఇవి లేని జాకీ కత్తి ఉండి ఒర లేనట్టిది.

చెక్క పలక ఎందుకో లెక్క చెబుతుంది. పాదపలక 10 సెంటీమీటర్ల వెడల్పు, 18 సెంటీమీటర్ల పొడవు అనుకొంటే దాని వైశాల్యం 180 చదరపు సెంటీమీటర్లు. 700 కిలోల బరువు పడితే ప్రతి చదరపు సెంటీమీటరు నేల మీద దాదాపు 4 కిలోల ఒత్తిడి పడుతుంది. తడిసిన రేగడి అంత ఒత్తిడికి నిలువదు. పాదపలక కింద 45 సెంటీమీటర్ల చదరపు పలకను వేస్తే వైశాల్యం 2,025 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఒత్తిడి పదకొండో వంతుకు తగ్గిపోతుంది.

ఇక్కడ మన ప్రాంతపు అలవాటును ఒకదానిని ప్రస్తావించాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల పరిసరాల్లో నాపరాయికి కొరత లేదు. దిగబడిన బండి దగ్గర ఎవరైనా మొదట వెతికేది నాపరాతి ముక్కనే. అయితే నాపరాయి పెళుసుది. అడుగున నేల ఒకే తీరుగా లేకపోతే, ఒక్క చోట పడిన బరువుకు అది హఠాత్తుగా పగులుతుంది. దాని నున్నటి పైభాగం మీద తడి తగిలితే ఉక్కు పలక జారుతుంది. కాబట్టి జాకీ కింద నాపరాయి పెట్టరాదు. అదే నాపరాతి ముక్కలను ఎత్తిన చక్రం కింద గుంతలో నింపడానికి నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఒకే వస్తువు ఒక చోట మేలు, మరొక చోట కీడు చేస్తుందనడానికి ఇది నిదర్శనం.

ఎత్తే ముందు

జాకీని బయటికి తీయడానికి ముందు, అది నిజంగా అవసరమా అని ఆలోచించాలి. చాలా సందర్భాల్లో పారతో చక్రం ముందరి మట్టిని తీసి, టైర్లలో గాలి కొంత తగ్గించి, సామాను దించితే బండి దానంతట అదే బయటపడుతుంది. ట్రాక్టరు అందుబాటులో ఉంటే తగిన తాడుతో నెమ్మదిగా లాగించవచ్చు. ఇవి కుదరనప్పుడే జాకీ.

ఎత్తడానికి నిశ్చయించుకొన్న తరువాత పాటించవలసిన క్రమం ఇది. బండిలోని వారందరూ దిగాలి. పిల్లలను, చూడవచ్చిన వారిని దూరంగా నిలపాలి. ఇంజను ఆపి, బండిని గేరులో ఉంచి, హ్యాండుబ్రేకు వేయాలి. హ్యాండుబ్రేకును మాత్రమే నమ్ముకోరాదు. సాధారణంగా అది వెనుక చక్రాలనే ఆపుతుంది. కొన్ని పాత జీపుల్లో అది చక్రాలను కాక ఇరుసుకు పోయే తిరుగుడు కమ్మిని పట్టి ఉంచుతుంది. అటువంటి బండిలో వెనుక చక్రం ఒకటి గాలిలోకి లేవగానే రెండవ చక్రం తిరగడానికి స్వేచ్ఛ వస్తుంది, బండి కదిలిపోతుంది. అందువల్ల ఎత్తబోయే మూలకు ఎదురుగా, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనుకా దిమ్మెలు గాని, పెద్ద రాళ్లు గాని తప్పక అడ్డం పెట్టాలి.

తరువాత చక్రం చుట్టూ ఉన్న బురదను పారతో తీయాలి. రేగడి బురద చక్రాన్ని పట్టి లాగుతుంది. ఆ పట్టు వదలకుండా ఎత్తబోతే జాకీ మీద బండి బరువుతో పాటు బురద పట్టు కూడా పడుతుంది. పిమ్మట పైమట్టిని తొలగించి, గట్టి పొర మీద చెక్క పలకను సమతలంగా పరవాలి. ఏటవాలులో బండి ఉన్నట్లయితే ఈ జాకీని వాడకపోవడమే మేలు. గండికోట వంటి కొండ ప్రాంతంలో వాలు మీద ఆగిన బండిని ముందుగా సమతలానికి చేర్చే మార్గం చూడాలి.

ఎత్తడం

కమ్మిని నిట్టనిలువుగా నిలబెట్టి, ముక్కును ఉక్కు భాగం కిందికి పూర్తిగా దూర్చాలి. అంచు మీద ఆనీ ఆననట్లు ఉంచరాదు. మీట పైదిశలో ఉన్నదో లేదో చూడాలి. తరువాత ఒక చేత్తో కమ్మి పైభాగాన్ని నిలకడగా పట్టుకొని, రెండో చేత్తో పిడిని కిందికి నొక్కాలి. బరువు ఎక్కువైనప్పుడు రెండు చేతులూ పిడి మీదనే ఉండాలి. కమ్మిని మరొకరు పట్టుకోవాలి. పిడిని గట్టిగా పట్టాలి.

నిలబడే చోటు అన్నిటికంటే ముఖ్యమైనది. పిడి కిందికీ, పైకీ కదిలే దారిలో తల గాని, ముఖం గాని ఉండరాదు. పిడికీ, కమ్మికీ నడుమ ఏ శరీరభాగమూ ఉండరాదు. పక్కగా, కాస్త వెనుకగా, కాళ్లు స్థిరంగా ఉంచి నిలబడాలి. ప్రతి ఊపుకూ ‘టక్’ మనే చప్పుడు వినాలి. నాలుగైదు ఊపులకు ఒకసారి ఆగి, కమ్మి నిలువుగా ఉన్నదా, పలక కుంగుతున్నదా, ముక్కు జారుతున్నదా అని చూడాలి. ఏ మాత్రం ఒరిగినా దించి మళ్లీ మొదటి నుంచి అమర్చాలి. ఒరిగే జాకీని చేత్తో తోసి నిలబెట్టాలనుకోవడం వెర్రి సాహసం.

జీపును ఎత్తేటప్పుడు ఇంకొక సంగతి గమనించాలి. బంపరు దగ్గర ఎత్తితే మొదట లేచేది చక్రం కాదు, పై శరీరం. కమాను పట్టీలు సాగి చక్రం కిందికి వేలాడుతూ ఉంటుంది. చక్రం నేలను వదిలే సమయానికి బండి చాలా ఎత్తుకు చేరి, నిలకడ కోల్పోతుంది. అందువల్ల చక్రాన్నే పట్టి ఎత్తే కొక్కీలు కొందరు వాడతారు. లేదా ఇరుసును ఛాసిస్‌కు బలమైన పట్టీతో ముందుగానే కట్టివేస్తారు. ఏ పద్ధతి అయినా లక్ష్యం ఒక్కటే – అవసరమైన దానికంటే ఒక్క రంధ్రం కూడా ఎక్కువ ఎత్తకపోవడం.

చక్రం లేచిన తరువాత కిందికి వంగకుండా, చేయి లోపలికి పెట్టకుండా, పార కొనతోనో, పొడవాటి కర్రతోనో రాళ్లను, నాపరాతి ముక్కలను గుంతలోకి తోయాలి. కందికట్టె, పత్తికట్టె వేస్తే చక్రానికి పట్టు దొరుకుతుంది. తుమ్మకంప మాత్రం వేయరాదు. టైరుకు ముళ్లు దిగి ఒక కష్టం పోయి మరో కష్టం వస్తుంది. టైరు మార్చవలసి వస్తే బండిని ఉక్కు పీట మీద నిలబెట్టిన తరువాతనే చక్రాన్ని విప్పాలి. జాకీ ఎత్తడానికే గాని నిలబెట్టడానికి కాదు. ఒక్క క్షణమే కదా అని బండి కిందికి దూరినవారికి ఆ క్షణమే ఆఖరిది కావచ్చు.

దించడం

ఎత్తేటప్పటి కంటే దించేటప్పుడే ప్రమాదం ఎక్కువ. పని పూర్తయిందన్న తృప్తితో మనసు ఏమరుపాటుకు లోనవడం ఒక కారణం. దించేటప్పుడు బరువు పిడిని పైకి తోస్తుండడం మరొక కారణం. మొదట పిడిని కమ్మికి ఆనించి, నిలువుగా ఉంచి, దానిని కదలకుండా పట్టుకోవాలి. ఆ తరువాతనే మీటను కిందిదిశకు మార్చాలి. పిడి కిందికి దిగి ఉన్నప్పుడు మీటను మార్చరాదు. అలా మారిస్తే పిడి చేతిని విదిలించుకొని పైకీ కిందికీ కొట్టుకొంటుంది. అటువంటి పిడిని పట్టుకోవడానికి ఎన్నడూ ప్రయత్నించరాదు. వెంటనే వెనక్కి జరగాలి.

మీట మార్చిన తరువాత పిడిని గట్టిగా పట్టుకొని ఒక్కొక్క ఊపుగా దించాలి. చివరలో చక్రం నేలను తాకి బరువు తగ్గిపోతుంది. సుమారు 70 కిలోల కంటే తక్కువ బరువు మిగిలినప్పుడు కదురుపెట్టె మెట్టుమెట్టుగా దిగక, ఒక్కసారిగా పాదపలక మీదికి జారిపడుతుంది. కాబట్టి పాదపలక దగ్గర కాళ్లు, వేళ్లు ఉండరాదు.

సంరక్షణ

మన ప్రాంతపు దుమ్ము, ఇసుక ఈ జాకీకి శత్రువులు. పిన్నుల రంధ్రాల్లో మట్టి చేరి గట్టిపడితే స్ప్రింగు వాటిని రంధ్రంలోకి నెట్టలేదు. పిన్ను సగమే కూర్చుంటే బరువు జారుతుంది. వాడిన ప్రతిసారీ నీటితో కడిగి, ఆరబెట్టి, కదిలే భాగాలకు పలుచని నూనె రాయాలి. చిక్కటి గ్రీజు రాస్తే దుమ్ము దానికే అంటుకొంటుంది. వంగిన కమ్మిని సుత్తితో కొట్టి సరిచేసి వాడరాదు, దానిని మార్చవలసిందే. 48 అంగుళాల జాకీ సుమారు 13 కిలోల బరువుంటుంది. బండి లోపల వదులుగా పడవేస్తే, హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు అది ముందున్న వారి వీపుకు తగులుతుంది. కనుక నట్లతో బిగించి, దుమ్ము పడకుండా గుడ్డ తొడుగు వేయాలి.

ఏ జాకీకైనా ఒక హద్దు ఉంటుంది. వరద పారుతున్న వంకలో, నదిలో చిక్కిన బండిని ఎత్తడానికి ప్రయత్నించరాదు. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నీటి వేగం ఎంతటిదో మన జిల్లా చూసింది. బండి పోతే కొనుక్కోవచ్చు. మనిషి పోతే తిరిగి రాడు. ఎవరికైనా గాయమైతే ఆలస్యం చేయక 108కు ఫోను చేయాలి.

ముగింపు

మళ్లీ మన జీపు దగ్గరకు వద్దాం. పెద్దాయన గట్టు మీద కూర్చొనే సలహా చెప్పాడు. యువకుడు ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. పారతో బురద తీశాడు. బండి వెనుక తొట్టిలోని అడుగు పలకను ఊడదీసి జాకీ కింద పరిచాడు. ఈసారి ఒక్కొక్క చప్పుడూ వింటూ, ఆగి చూస్తూ ఎత్తాడు. పార కొనతో రాళ్లు తోశాడు. కందికట్టె పరిచాడు. పిడిని నిలువుగా పట్టి, మీట మార్చి, మెల్లగా దించాడు. ఇరవై నిమిషాలు పట్టింది. మొదటిసారి తొందరపడి ఆదా చేయదలచుకొన్నదీ ఆ ఇరవై నిమిషాలే. చీకటి పడే వేళకు జీపు జమ్మలమడుగు చేరింది.

బలం చూపి గెలిచే పనులు కొన్ని ఉంటాయి. ఓర్పు చూపితే గాని గెలువలేని పనులు ఎక్కువ. ‘నిదానమే ప్రధానం’ అని మన పెద్దలు అన్న మాట జాకీ పట్టిన చేతికి అక్షరాలా వర్తిస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఇరుసు : చక్రాలను కలిపే కడ్డీ
నెర్రెలు : నేలలో ఏర్పడే పగుళ్లు
తులాదండం : ఆధారం మీద తిరుగుతూ బరువును ఎత్తే కడ్డీ
సమతలం : ఎగుడుదిగుడు లేని నేల
చిరపరిచితం : చాలాకాలంగా తెలిసినది
నిరభ్యంతరంగా : అడ్డు లేకుండా
నిదర్శనం : ఉదాహరణ
ఏమరుపాటు : అజాగ్రత్త

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హైలిఫ్ట్ జాకీని ఎంచుకొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
2. జాకీతో బండిని ఎత్తేటప్పుడు, దించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు ఆరు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నల్లరేగడి నేలలో వాహనాలు దిగబడడానికి కారణమేమిటి?
2. రెండు పిన్నుల పనితీరును రచయిత దేనితో పోల్చాడు? ఆ పోలిక ఎంతవరకు తగినది?
3. నాపరాయిని ఎక్కడ వాడవచ్చు? ఎక్కడ వాడరాదు? ఎందుకు?

ఇ) కింది వాక్యాలకు సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. “తలకాయ లోపల పెట్టొద్దు, ఇవతలికి రా!”
2. “జాకీ ఎత్తడానికే గాని నిలబెట్టడానికి కాదు.”

ఈ) ఒక వాక్యంలో సమాధానాలు రాయండి.
1. హైలిఫ్ట్ జాకీలు ఏ సంవత్సరం నుంచి తయారవుతున్నాయి?
2. మీటను మార్చేటప్పుడు పిడి ఏ స్థితిలో ఉండాలి?
3. గుంతలో తుమ్మకంప ఎందుకు వేయరాదు?

ఉ) ప్రాజెక్టు పని
మీ ఊరిలోని మెకానిక్కునో, ట్రాక్టరు డ్రైవరునో కలిసి, దిగబడిన బండిని బయటికి తీయడానికి వారు అనుసరించే పద్ధతులను అడిగి తెలుసుకోండి. వాటిలో సురక్షితమైనవి ఏవో, కానివి ఏవో కారణాలతో సహా ఒక వ్యాసంగా రాయండి.